8.3కి 3.1 కలిపితే 6.8: ట్రిపుల్ ఈ మొదటి రెండేళ్ల చిక్కుముడి

పాకాల పక్క పల్లె నుంచి వచ్చే విద్యార్థి ఒకడు, థర్డ్ సెమిస్టర్‌లో ఉన్నప్పుడు, సోమవారం పొద్దున్నే నోట్‌బుక్కు తెరిచి నా టేబుల్ మీద పెట్టాడు. పేజీలో మూడంటే మూడే అంకెలు: 8.3, 3.1, 6.8. వాళ్ల మామిడితోటలో బోరు మోటారు దగ్గర టాంగ్ టెస్టర్‌తో, అంటే తీగ చుట్టూ తగిలిస్తే కరెంటు చూపించే మీటరుతో, తీసిన రీడింగులవి. మోటారుకు పోయే తీగలో 8.3 ఆంపియర్లు. స్టార్టర్ పక్కనే గోడకు బిగించిన కెపాసిటర్‌కు పోయే తీగలో 3.1. ట్రాన్స్‌ఫార్మర్ నుంచి వచ్చే తీగలో 6.8.

"సార్, కిర్కాఫ్ లా తప్పేమో సార్" అన్నాడు. తమాషాకు అనలేదు, నిజంగానే అడుగుతున్నాడు.

అతని లెక్క సూటిగానే ఉంది. తీగలు కలిసే చోటికి ఎంత కరెంటు వస్తే అంతే బయటికి పోవాలి. ఇది డిప్లొమాలోనే చదివిన సూత్రం. మోటారుకు 8.3, కెపాసిటర్‌కు 3.1 పోతున్నాయంటే వచ్చేది 11.4 ఉండాలి. మీటరేమో 6.8 చూపిస్తోంది. మీటరు చెడిపోయిందేమోనని ఊళ్లో ఎలక్ట్రీషియన్ దగ్గర ఇంకొకటి అడిగి తెచ్చి మళ్లీ చూశాడట. అదే 6.8.

ఆ రోజు సిలబస్ పక్కన పెట్టి గంటంతా ఆ మూడు అంకెల మీదే గడిపాం. ట్రిపుల్ ఈలో, అంటే ఎలక్ట్రికల్ అండ్ ఎలక్ట్రానిక్స్ ఇంజనీరింగ్‌లో, మొదటి రెండేళ్లు ఏం చెబుతారు, పిల్లలు ఎక్కడ తడబడతారు అని తల్లిదండ్రులు అడిగినప్పుడల్లా నాకు ఆ స్టార్టర్ పెట్టే గుర్తొస్తుంది. అయితే దాన్ని విప్పే ముందు, ఆ పిల్లాడు కూర్చున్న క్లాసు ఎలాంటిదో చెప్పాలి.

తిరుపతి చుట్టుపక్కల ఏ ఇంజనీరింగ్ కాలేజీకి పోయినా ట్రిపుల్ ఈ సెకండియర్‌లో రెండు గుంపులు కనిపిస్తాయి. ఇంటర్ ఎంపీసీ చదివి, ఈఏపీసెట్ రాసి, ఫస్టియర్ నుంచీ ఉన్నవాళ్లు ఒక గుంపు. పదో తరగతి కాగానే పాలిటెక్నిక్‌లో మూడేళ్ల డిప్లొమా చేసి, ఈసెట్ రాసి నేరుగా సెకండియర్‌లో దిగినవాళ్లు రెండో గుంపు. మొదటి వారమంతా బెంచీలు కూడా వేరువేరుగానే ఉంటాయి. వాళ్ల మధ్య తేడా మార్కుల జాబితాలో సరిగా కనపడదు. ల్యాబులో కనపడుతుంది.

డీసీ షంట్ మోటారు మీద బ్రేక్ టెస్ట్ చేసే రోజు చూడాలి. షాఫ్టు చివర ఇనప డ్రమ్ము, దాని చుట్టూ బెల్టు, బెల్టు కొసలకు స్ప్రింగ్ బ్యాలెన్సులు. బెల్టు బిగించేకొద్దీ మోటారు మీద లోడు పెరుగుతుంది, డ్రమ్ము వేడెక్కుతుంది. అది చల్లారడానికి ఒకరు మగ్గుతో నీళ్లు పోస్తూనే ఉండాలి. కబుర్లలో పడి పోయడం మరిస్తే బెల్టు కమురు వాసన పక్క ల్యాబుదాకా పోతుంది. ఈసెట్ పిల్లాడు మెయిన్ స్విచ్చి వేయకముందే ఫీల్డ్ రియోస్టాట్‌ను (అయస్కాంత కాయిల్‌కు పోయే కరెంటును తగ్గించే రెసిస్టెన్సును) మినిమమ్‌కు జరుపుతాడు. చెయ్యి దానంతటదే పోతుంది. ఎందుకని అడిగితే "అట్లే పెట్టాల సార్" అంటాడు. ఇంటర్ నుంచి వచ్చిన అమ్మాయి బోర్డు మీద సమీకరణం తప్పు లేకుండా రాస్తుంది: మోటారు వేగం బ్యాక్ ఈఎంఎఫ్‌కు (తిరిగే మోటారులోనే పుట్టే ఎదురు వోల్టేజీకి) అనులోమంగా, ఫ్లక్సుకు (లోపలి అయస్కాంత బలానికి) విలోమంగా ఉంటుందని. అంటే ఫ్లక్సు బాగా తగ్గిపోతే మోటారు పగ్గాలు తెంచుకుని పరుగెత్తుతుంది, అందుకే మొదలుపెట్టేటప్పుడు ఫీల్డులో రెసిస్టెన్సు తక్కువుండాలి. పిల్లాడి చెయ్యి చేసిన పనికి కారణం ఆ అమ్మాయి రాసిన సమీకరణంలోనే ఉంది. కానీ ఆ అమ్మాయి రియోస్టాట్‌ను ఎక్కడో మధ్యలో వదిలేసి స్విచ్చి దగ్గరికి పోతోంది.

ఈసెట్ వాళ్లకు లెక్కలు రావు, ఇంటర్ వాళ్లకు పని రాదు అని స్టాఫ్ రూముల్లో తేల్చేయడం మామూలే. నేనూ చాలా ఏళ్లు అలాగే అన్నాను. ఇప్పుడు నాకు ఆ మాట మీద నమ్మకం లేదు. ఈ కోర్సు పుట్టుకలోనే రెండు ముక్కలు ఉన్నాయి. చెరో ముక్క పట్టుకుని పిల్లలు వస్తున్నారు, రెంటినీ అతికించే చోటు ఏదో మనం సరిగా చూపించడం లేదు.

పుట్టుక కథ కొంచెం చెప్పుకుందాం. 1882లో న్యూయార్క్ పెర్ల్ స్ట్రీట్‌లో ఎడిసన్ కరెంటు స్టేషన్ మొదలైంది. అదే ఏడాది జర్మనీలోని డార్మ్‌స్టాట్‌లో ఎరాస్మస్ కిట్లర్‌కు ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ ప్రొఫెసర్ పదవి ఇచ్చారు. ప్రపంచంలో ఆ సబ్జెక్టుకు అదే మొదటి పీఠం. అమెరికాలో ఎంఐటీ 1882లో, కార్నెల్ 1883లో ఈ కోర్సు మొదలుపెట్టాయి, రెండు చోట్లా ఫిజిక్స్ విభాగం కిందే. 1885లో లండన్ యూనివర్సిటీ కాలేజీలో జాన్ ఆంబ్రోస్ ఫ్లెమింగ్ ప్రొఫెసర్ అయ్యాడు. ఇంటర్లో ఎడమ చెయ్యా కుడి చెయ్యా అని వేళ్లు తిప్పుకుంటూ నేర్చుకున్నామే, ఆ ఫ్లెమింగే.

తారీఖులు చూస్తే ఒక సంగతి తెలుస్తుంది. చదువు వచ్చాక పరిశ్రమ రాలేదు. కరెంటు కంపెనీలు ఒక పక్క వీధులు తవ్వి కేబుళ్లు వేస్తుంటే, ఇంకో పక్క యూనివర్సిటీలు ఈ సబ్జెక్టును ఎక్కడ కూర్చోబెట్టాలో తెలియక ఫిజిక్స్ వాళ్ల వాకిట్లో కూర్చోబెట్టాయి. పాఠం చెప్పడానికి ఫిజిక్స్ ప్రొఫెసర్లు ఉన్నారు. డైనమో విప్పి బిగించడం తెలిసినవాళ్లు మాత్రం వర్క్‌షాపుల్లో ఉన్నారు. అలా ఆ కోర్సుకు ప్రయోగశాల నుంచి ఒక కాలు, కొలిమి నుంచి ఒక కాలు వచ్చాయి. ఒకరికి ఇంకొకరి మీద చిన్నచూపు కూడా అప్పుడే వచ్చింది.

కిట్లర్ తొలి శిష్యుల్లో మిఖాయిల్ డోలివో-డోబ్రోవోల్‌స్కీ అని ఒక రష్యన్ ఉన్నాడు. చదువయ్యాక గురువు దగ్గరే అసిస్టెంటుగా పనిచేసి, తర్వాత ఏఈజీ కంపెనీలో చేరి, 1889లో త్రీఫేజ్ ఇండక్షన్ మోటారు తయారుచేశాడు. 1891లో లాఫెన్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కు దాదాపు 175 కిలోమీటర్లు త్రీఫేజ్ కరెంటు పంపి చూపించినవాళ్లలో అతనూ ఒకడు. చిత్తూరు జిల్లాలో వందల అడుగుల లోతు బోర్లలో మునిగి తిరుగుతున్న త్రీఫేజ్ సబ్‌మెర్సిబుల్ మోటార్లు ఆ వంశానివే. ప్రపంచంలో మొట్టమొదటి ట్రిపుల్ ఈ క్లాసులో కూర్చున్న కుర్రాడి పని మన మామిడిచెట్లకు నీళ్లు పెడుతోంది. ఈ ముక్క చెబితే వెనక బెంచీలు కూడా తలెత్తుతాయి.

మన దగ్గరా వరస అదే. కుప్పానికి దగ్గర్లోని కోలార్ బంగారు గనులకు 1902లోనే కావేరి మీది శివసముద్రం నుంచి కరెంటు వచ్చింది. తీగ పొడవు 147 కిలోమీటర్ల దాకా ఉంది, అప్పటికి ప్రపంచంలోని పెద్ద లైన్లలో అదొకటి. జనరేటర్లు అమెరికా నుంచి జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీవి వచ్చాయి. బెంగళూరులో టాటా ఇన్‌స్టిట్యూట్ (ఇప్పటి ఐఐఎస్‌సీ) ఎలక్ట్రికల్ టెక్నాలజీ విభాగం తెరిచింది 1911లో. కాశీ హిందూ విశ్వవిద్యాలయం ఇంజనీరింగ్ కాలేజీ 1919లో వచ్చింది. చిత్తూరు జిల్లా అప్పట్లో మద్రాసు కింద ఉండేది కాబట్టి మన పిల్లలకు దగ్గరిది మద్రాసులోని గిండీ ఇంజనీరింగ్ కాలేజీ. అక్కడ ఎలక్ట్రికల్ 1930లో మొదలైంది. 1946లో విశాఖపట్నంలో పెట్టిన కాలేజీ తర్వాత కాకినాడకు మారింది. తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం 1954లో వచ్చింది, దాని ఇంజనీరింగ్ కాలేజీ 1959లో. సివిల్, మెకానికల్‌తో పాటు ఎలక్ట్రికల్ కూడా మొదటి నుంచే ఉంది. డార్మ్‌స్టాట్ నుంచి అలిపిరి దాకా రావడానికి ఈ చదువుకు 77 ఏళ్లు పట్టిందన్నమాట.

ఆ మధ్యలో ఇంకో మలుపు ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో రాడార్ లాంటి పనుల్లో ముందుండి నడిపింది ఎక్కువగా ఫిజిక్స్ వాళ్లు. ఇంజనీర్లకు సిద్ధాంతం చాలలేదని అమెరికాలో గట్టి చర్చ జరిగి, 1955లో గ్రింటర్ కమిటీ నివేదిక వచ్చింది. గణితం, మూల విజ్ఞానం పెంచాలన్నది దాని సారం. సుత్తి, ఆకురాయి పట్టుకునే గంటలు తగ్గుతూ వచ్చాయి. తిరుపతి కాలేజీ పుట్టింది సరిగ్గా గాలి అటు మళ్లుతున్న రోజుల్లోనే. ఇవాళ మన ఫస్టియర్ సిలబస్‌లో వర్క్‌షాప్ ఒక మూలకు ఒదిగి, మ్యాథ్స్ వన్, మ్యాథ్స్ టూ నడిమధ్యలో కూర్చోవడానికి ఆ గాలే కారణమని నా అభిప్రాయం. 2018లో దేశంలో సాంకేతిక విద్యను చూసే ఏఐసీటీఈ ఇచ్చిన నమూనా సిలబస్ మొత్తం క్రెడిట్లను 160కి తగ్గించింది, కొత్తగా చేరినవాళ్లకు మూడు వారాల ఇండక్షన్ పెట్టింది. అంతవరకు మంచిదే. అయినా ఫస్టియర్ చాలావరకు అన్ని బ్రాంచీలకూ ఉమ్మడి. ట్రిపుల్ ఈలో చేరిన పిల్లకు ఏడాది పొడుగునా కరెంటు కనిపించేది ఒకటి రెండు సబ్జెక్టుల్లోనే.

(కౌన్సెలింగ్ సీజన్లో ఆప్షన్లు పెట్టుకునేటప్పుడు నన్ను అడిగే ప్రశ్న మాత్రం ఏటా ఒకటే: "ట్రిపుల్ ఈలో చేర్పిస్తే మావాడు స్తంభాలెక్కాలా సార్?" కరెంటు పంపిణీ చేసే ఎస్పీడీసీఎల్ హెడ్డాఫీసు ఈ ఊళ్లోనే ఉంది, కరకంబాడిలో బ్యాటరీలు తయారవుతున్నాయి, అయినా సీఎస్ఈ (కంప్యూటర్ సైన్స్) రాకపోతేనే ఇటు చూస్తారు. అది వేరే బాధ, వదిలేద్దాం.)

ఇక ఆ మూడు అంకెలు.

మోటారు తీసుకునే కరెంటుకు రెండు పనులుంటాయి. ఒకటి నీళ్లు పైకి తోడటం. ఇది అసలు ఖర్చు, తిరిగి రాదు. రెండోది మోటారు లోపల అయస్కాంత క్షేత్రాన్ని నిలబెట్టడం. ఇది ఖర్చు కాదు, చేబదులు. కాసేపు తీసుకుంటుంది, కాసేపట్లో తిరిగి ఇచ్చేస్తుంది, మళ్లీ తీసుకుంటుంది. మన కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంది కాబట్టి ఒక ఊపుకు 20 మిల్లీసెకన్లు. తోడే పనికి వాడే కరెంటు వోల్టేజీతో అడుగు కలిపి నడుస్తుంది. చేబదులు కరెంటు ఊపులో నాలుగో వంతు, అంటే 5 మిల్లీసెకన్లు, వెనకబడి నడుస్తుంది.

ఆ పిల్లాడి మోటారు 5 హెచ్‌పీది. అలాంటి మోటారు 415 వోల్టుల మీద, 0.78 పవర్ ఫ్యాక్టర్‌తో (మొత్తం కరెంటులో అసలు పనికి పోయే వంతుతో) నడుస్తుందనుకుంటే, తోడే పనికి 6.5 ఆంపియర్లు, చేబదులుకు 5.2 అవుతాయి. రెండూ ఒకేసారి పతాక స్థాయికి రావు కాబట్టి నేరుగా కూడకూడదు. లంబకోణ త్రిభుజం భుజాల్లాగా కూడాలి. 6.5 వర్గం, 5.2 వర్గం కలిపితే దాదాపు 69.3. వర్గమూలం తీస్తే 8.3. మోటారు తీగలో టాంగ్ టెస్టర్ చూపించింది అదే.

కెపాసిటర్‌దీ చేబదులు వ్యవహారమే, కాకపోతే వేళలు తారుమారు. మోటారు అడిగే సమయానికి అది ఇస్తుంది, మోటారు ఇచ్చే సమయానికి అది తీసుకుంటుంది. ఇంట్లో కాఫీపొడి అయిపోతే బజారుకు పోకుండా పక్కింట్లో అడిగినట్టు. మోటారుకు 5.2 చేబదులు కావాలి, పక్కనే ఉన్న కెపాసిటర్ 3.1 ఇస్తోంది, ఇక దూరాన ట్రాన్స్‌ఫార్మర్ నుంచి రావాల్సింది 2.1. తోడే పనికి కావలసిన 6.5లో మార్పేమీ లేదు. 6.5 వర్గం, 2.1 వర్గం కలిపి వర్గమూలం తీస్తే 6.8.

కిర్కాఫ్ తప్పలేదు. ఏ క్షణంలో చూసినా వచ్చేదీ పోయేదీ సమానంగానే ఉన్నాయి. టాంగ్ టెస్టర్ ఒక్కో తీగలో ఊపు ఎంత పెద్దదో చెబుతుంది కానీ ఎప్పుడు ఊగుతోందో చెప్పదు. ఆ 'ఎప్పుడు' అన్నది పోగొట్టుకుని కూడితే 11.4 వస్తుంది.

దీనివల్ల లాభమేమిటని పక్కనే ఉన్న ఈసెట్ పిల్లాడు అడిగాడు. తీగలో వేడిగా పోయే నష్టం కరెంటు వర్గాన్ని బట్టి ఉంటుంది. 8.3 నుంచి 6.8కి దిగితే ఆ నష్టం మూడింట ఒక వంతు తగ్గుతుంది. ఒక ట్రాన్స్‌ఫార్మర్ కింద పదిహేను బోర్లున్నాయనుకోండి, కాలిపోయిన ట్రాన్స్‌ఫార్మర్ కోసం ఎండలో రైతులు ఎదురుచూడటం ఎన్నిసార్లు తప్పుతుందో లెక్క వేసుకోవచ్చు. వ్యవసాయ ఉచిత విద్యుత్తు నిబంధనల్లో కెపాసిటర్ పెట్టుకోవాలని ఊరికే రాయలేదు. బిల్లు లేదు కాబట్టి రైతుకు దాని లాభం చేతికి కనపడదు. అందుకే చాలాచోట్ల ఆ డబ్బా పేరుకే ఉంటుంది.

ఇందులో పైథాగరస్ తప్ప ఏమీ లేదు, ఎనిమిదో తరగతి పిల్లకైనా అర్థమవుతుంది. మరి సెకండియర్‌లో అందరినీ భయపెట్టే 'జె' ఎక్కడి నుంచి వచ్చింది?

ఒక మోటారు, ఒక కెపాసిటర్ అయితే త్రిభుజం గీసి బయటపడొచ్చు. పది కాయిల్సు, పది కెపాసిటర్లు అడ్డదిడ్డంగా కలిపి ఉంటే గీతలు గీస్తూ పోలేం. 1890ల దాకా ఇంజనీర్లు ఏసీ సర్క్యూట్‌కు డిఫరెన్షియల్ ఈక్వేషన్లు రాసి పేజీలకు పేజీలు కుస్తీ పట్టేవాళ్లు. 1893లో షికాగోలో జరిగిన అంతర్జాతీయ ఎలక్ట్రికల్ సభలో చార్లెస్ స్టైన్‌మెట్జ్ ఒక దారి చూపించాడు. పుట్టింది జర్మనీలో, చదివింది గణితం, అమెరికాకు వలసపోయి కరెంటు పనిలో దిగాడు. అడుగు కలిపి నడిచే భాగాన్ని మామూలు సంఖ్యగా, నాలుగో వంతు ఊపు ఎడంగా నడిచే భాగాన్ని 'జె' తగిలించిన సంఖ్యగా రాయమన్నాడు. మన మోటారు కరెంటు 6.5 − జె5.2 అవుతుంది. కెపాసిటర్‌ది + జె3.1. కూడితే 6.5 − జె2.1. ఒక్క వరసలో అయిపోయింది. త్రిభుజం చివర్లో ఒకసారి గీస్తే చాలు, ఆంపియర్లు ఎన్నో తెలుసుకోవడానికి.

'జె' అనేది సంఖ్య అనుకుంటే బుర్ర తిరుగుతుంది, డ్రిల్లులో ఆర్డరు అనుకుంటే సులువు. బడిలో డ్రిల్లు సారు "లెఫ్ట్ టర్న్" అంటే 90 డిగ్రీలు తిరిగేవాళ్లం. మళ్లీ "లెఫ్ట్ టర్న్" అంటే మొదట చూసిన దిక్కుకు సరిగ్గా వెనక్కి తిరిగి నిలబడేవాళ్లం. జె ఇంటూ జె మైనస్ ఒకటి అనే మాటలో ఉన్నది ఇంతే. ఇంటర్లో దీన్నే 'ఐ' అన్నారు. కరెంటుకు 'ఐ' వాడేసుకున్నాం కాబట్టి ఇక్కడ 'జె' అయింది. నా విద్యార్థుల్లో చాలామంది ఇంటర్ సెకండియర్ 2ఏ లెక్కల్లో సంకీర్ణ సంఖ్యలు, డిమూవర్ సిద్ధాంతం బట్టీపట్టి ఏడు మార్కుల ప్రశ్న రాసి వచ్చినవాళ్లే. అదీ ఇదీ ఒకటేనని ఏడాదిన్నర తర్వాత తెలిసి తెల్లబోతారు. తెలుగు పుస్తకాల్లో దీన్ని కల్పిత సంఖ్య అనడం ఇంకో ఇబ్బంది. చేబదులు కరెంటు కల్పితం కాదు. తీగను నిజంగానే వేడెక్కిస్తుంది, ట్రాన్స్‌ఫార్మర్‌ను నిజంగానే కాలుస్తుంది.

నాకు కనిపించినంతలో రెండు ముక్కల అతుకు ఇక్కడుంది. డిప్లొమా నుంచి వచ్చిన పిల్లాడు కెపాసిటర్‌ను చేత్తో బిగించాడు, జె అంటే బెదురుతాడు. ఇంటర్ నుంచి వచ్చిన అమ్మాయికి జెతో చెలగాటం, కెపాసిటర్ డబ్బా ఎలా ఉంటుందో చూసి ఉండదు. స్టైన్‌మెట్జ్ చేసిన పని ఈ ఇద్దరినీ ఒకే వరసలో కూర్చోబెట్టడం. టైంటేబుల్ మాత్రం మళ్లీ విడదీస్తుంది.

టైంటేబుల్ సంగతి నా అనుభవంలోదే చెబుతాను. నేను చదివిన కాలేజీలో లెక్కల సారు డిఫరెన్షియల్ ఈక్వేషన్లు సెమిస్టర్ చివర్లో మొదలుపెట్టారు. సర్క్యూట్స్ సారు వాటిని రెండు నెలల ముందే వాడేశారు. ఇద్దరివీ ఒకే వరండాలో ఎదురెదురు గదులు. ఆ రెండు నెలలు మేము బోర్డు మీది గీతలు దించుకుని, పరీక్షకు కంఠతా పట్టి, స్విచ్చి వేసినప్పుడు ఏం జరుగుతుందో తెలియకుండానే పాసైపోయాం.

జె ఉండగా ఆ ఈక్వేషన్లు ఇంకా ఎందుకని పిల్లలు అడుగుతారు, న్యాయమైన ప్రశ్నే. జె లెక్క కరెంటు ఒకే తీరున ఊగుతున్నప్పుడే పనికొస్తుంది. స్టార్టర్ బటన్ నొక్కిన మొదటి క్షణాల్లో కరెంటు నిలకడగా ఉండదు. మోటారు మామూలుకు అయిదారు రెట్లు లాగి, వేగం అందుకున్నాక తగ్గుతుంది. ఊళ్లో ఎవరైనా బోరు మోటారు వేస్తే ఇంట్లో లైటు ఒక్కసారి డిమ్ అయ్యేది అప్పుడే. ఆ మార్పును పట్టుకోవాలంటే డిఫరెన్షియల్ ఈక్వేషన్ కావాలి. దాన్ని తేలికపరచడానికి లాప్లాస్ ట్రాన్స్‌ఫార్మ్ అనే పద్ధతి వస్తుంది. లాప్లాస్‌లో 'ఎస్' అనే అక్షరం తీసి దాని స్థానంలో 'జె ఒమేగా' పెడితే మళ్లీ స్టైన్‌మెట్జ్ లెక్కే బయటికొస్తుంది. మూడు సెమిస్టర్లలో, మూడు గదుల్లో, ముగ్గురు సార్లు చెప్పే పాఠాలు ఒకే సర్క్యూట్‌ను మూడు వైపుల నుంచి చూడటమే. మ్యాట్రిసెస్ కూడా అంతే. సర్క్యూట్‌లో మూడు మెష్‌లు (చుట్టు దారులు) ఉంటే మూడు సమీకరణాలు చేత్తో చేస్తాం. రాష్ట్రం గ్రిడ్డులో వేల బస్సులుంటాయి, తిరిగే బస్సులు కావు, సబ్‌స్టేషన్లలో తీగలు కలిసే బస్సులు. అక్కడ మ్యాట్రిక్సే దిక్కు, దాన్ని చేయించడానికి ఫస్టియర్‌లో నేర్చిన ప్రోగ్రామింగే దిక్కు.

ఎలక్ట్రోమాగ్నెటిక్ ఫీల్డ్స్ ఒక్కటి మాత్రం నిజంగానే కష్టం. దాన్ని సులువని చెప్పి ఎవర్నీ మోసం చేయను.

ఇంజనీరింగ్ డ్రాయింగ్ మీద కూడా ఏటా సణుగుడు వినపడుతుంది, దానికి నా జవాబు చిన్నది. రేపు ప్యానెల్ బోర్డు డ్రాయింగ్ చేతికిచ్చినప్పుడు ముందు నుంచి చూసినదేదో, పై నుంచి చూసినదేదో తెలియకపోతే తీగ ఎటు లాగాలో తెలియదు.

నోట్‌బుక్కు పిల్లాడి దగ్గరికి వద్దాం. లెక్క అంతా అయ్యాక నేను ఒక్కటే అడిగాను: "త్రీఫేజ్ కదా, మిగతా రెండు ఫేజుల్లో చూశావా?" చూడలేదన్నాడు. మూడూ ఒకటే ఉంటాయి కదా అనుకున్నాడట. ఈసారి ఇంటర్ నుంచి వచ్చిన ఇద్దరిని వెంటబెట్టుకుని శనివారం పల్లెవెలుగు బస్సెక్కాడు. తీగలు ముట్టుకోవద్దని, కరెంటు తీసేసినా కెపాసిటర్‌లో చార్జి కాసేపు నిలిచి ఉంటుందని, టాంగ్ టెస్టర్‌ను తీగ చుట్టూ తగిలించి చదవడం వరకే చేయమని రెండుసార్లు చెప్పి పంపాను.

సోమవారం పేజీలో తొమ్మిది అంకెలున్నాయి. మోటారు తీగలు మూడింట్లోనూ 8.3 లేదా కాస్త అటూఇటూ. ట్రాన్స్‌ఫార్మర్ వైపు తీగల్లో 6.8, 6.7, 8.2. కెపాసిటర్ తీగల్లో 3.1, 1.8, 1.8. ఈసారి మీటరు చెడిపోయిందని అనలేదు. బస్సులో వస్తూ ముగ్గురూ కలిసి 3.1ని రూట్ మూడుతో భాగించారట, 1.8 వచ్చింది. ఆ భాగహారం చేసింది ఇంటర్ అమ్మాయి. డబ్బా లోపల మూడు కెపాసిటర్లు డెల్టాలో, అంటే త్రిభుజంలా కలిపి, ఉంటాయని, మూడూ బాగుంటే మూడు తీగల్లోనూ 3.1 ఉండాలని, ఒకటి పోతేనే రెండు తీగల్లో 1.8కి పడిపోతుందని చెప్పింది మన పాకాల పిల్లాడు, డిప్లొమా చదివేటప్పుడు ఒకటి కోసి చూశాడు కాబట్టి.

పేజీ కింద డెల్టా బొమ్మ గీశారు. మూడు చేతుల్లో ఒకదాని మీద అడ్డగీత కొట్టి, పక్కన "ఇది పోయింది, నాన్నకు చెప్పాలి" అని రాసి ఉంది.